ఇంజిన్ కంప్యూటర్: దోషియా, సాక్షియా?

పత్తికొండ టమోటా మండీ, కర్నూలు ఉల్లిగడ్డ మార్కెట్టు, పులివెందుల చీనీ తోటలు, బేతంచెర్ల నాపరాతి ఫ్యాక్టరీలు – వీటన్నిటికీ నేడు ఆధారభూతమైన వాహనం డీజిల్ పికప్ బండి. ఒకనాడు మన రాయలసీమ పల్లెల్లో ఎద్దుల బండి నెరవేర్చిన పాత్రను ఇప్పుడది నెరవేరుస్తున్నది. ఎద్దు జబ్బు పడితే దాని కన్ను, ముట్టె, నడక చూసి రైతు గ్రహించేవాడు. ఈ బండి జబ్బు పడితే మాత్రం యజమానికీ, డ్రైవరుకూ, చాలాసార్లు మెకానిక్కుకూ కూడా కారణం అంతు చిక్కడం లేదు. కారణం అంతు చిక్కనప్పుడు మానవుడు కంటికి కనిపించని దానిపై నేరం మోపడం అనాదిగా వస్తున్న అలవాటు. డీజిల్ బండి విషయంలో ఆ కనిపించని వస్తువు ఇంజిన్ కంప్యూటర్.

"కంప్యూటర్ సెట్టింగ్ పోయింది, ట్యూనింగ్ చేయిస్తే బండి లాగుతుంది" అనే మాట మన షెడ్లలో తరచుగా వినవస్తున్నది. లాప్‌టాప్ చేతబట్టుకొని వచ్చే ట్యూనరు ఆ కంప్యూటరులోని ఫైలును మార్చి, వేల రూపాయలు తీసుకొని వెళ్ళిపోతాడు. బండి నాలుగు రోజులు ఉత్సాహంగా పరుగెత్తి, ఐదవనాడు మళ్ళీ షెడ్డుకు వస్తుంది. ఈ వ్యాసంలో నేను మనవి చేయదలచినది ఒక్కటే. చాలా సందర్భాలలో ఇంజిన్ కంప్యూటర్ దోషి కాదు, సాక్షి. ఆ సాక్షి చెప్పేదానిని విని అర్థం చేసుకొనే విద్య మన షెడ్లకు చేరవలసి ఉన్నది. దానిని చేర్చే బాధ్యతలో మన కళాశాలకు కూడా వాటా ఉన్నదని నా నిశ్చితాభిప్రాయం.

పూర్వం ఈ సమస్య ఇంత జటిలంగా ఉండేది కాదు. జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో తన ఇంజిన్‌ను విజయవంతంగా నడిపి చూపాడు. 1927లో బాష్ సంస్థ డీజిల్‌ను సిలిండర్లలోకి చిమ్మే పంపును పెద్ద ఎత్తున తయారు చేయసాగింది. అటు తరువాత దాదాపు డెబ్బై సంవత్సరాల కాలం డీజిల్ ట్యూనింగ్‌కు కావలసినవి ఒక స్క్రూ, ఒక పానా, ఒక మంచి చెవి. ఉస్తాద్ పొగ రంగు చూసేవాడు, శబ్దం వినేవాడు, పంపును వెంట్రుకవాసి తిప్పేవాడు. పక్కన నిలబడ్డ షాగిర్ద్ సంవత్సరాల తరబడి చూసి చూసి నేర్చుకొనేవాడు. (ఉస్తాద్, షాగిర్ద్, పానా, పేచ్ వంటి ఉర్దూ ద్వారా వచ్చిన మాటలతోనే మన ఊళ్ళలో ఇంట తెలుగు మాట్లాడే మెకానిక్ కూడా తన వృత్తిని నేర్చుకున్నాడు. రెండు భాషల శాఖలూ ఉన్న మన కళాశాలలో ఈ పదజాలాన్ని సేకరించే వారు ఇంతవరకు లేకపోవడం విచారకరం.)

ఆ ప్రపంచం మన కళ్ళ ముందే మారిపోయింది. 1997లో బాష్ సంస్థ కార్లలో కామన్ రైల్ పద్ధతిని ప్రవేశపెట్టింది. మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-4 ప్రమాణాలు దేశమంతటా అమలులోకి వచ్చాయి. ఐదవ మెట్టును దాటవేసి 2020 ఏప్రిల్ 1 నుండి స్టేజ్-6 వచ్చింది. డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలకు 350 నుండి 50కి, అక్కడి నుండి 10కి దిగింది. మూడు సంవత్సరాల వ్యవధిలో రెండు తరాల మార్పు! ముప్పై ఏళ్ళు స్క్రూ తిప్పిన చేతికి ఎవ్వరూ ఒక్క పాఠమైనా చెప్పకుండానే ఆ స్క్రూ మాయమైపోయింది.

ఈ కంప్యూటర్ చేసే పని ఎటువంటిదో భౌతికశాస్త్ర విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చు. ఇంజిన్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతున్నదనుకొందాం. అంటే సెకనుకు 50 భ్రమణాలు, 18,000 డిగ్రీలు. సెకనులో వెయ్యవ వంతు కాలంలో క్రాంక్ 18 డిగ్రీలు తిరుగుతుంది. నాలుగు సిలిండర్లకు కలిపి సెకనుకు నూరు పర్యాయాలు డీజిల్ చిమ్మవలసి ఉన్నది. చిమ్మే క్షణంలో సెకనుకు పదివేలవ వంతు పొరపాటు జరిగితే క్రాంక్ దాదాపు రెండు డిగ్రీలు దాటిపోతుంది. ఇక పీడనం సంగతి. లారీ టైరులోని గాలి సుమారు 8 బార్ ఉంటుంది. కామన్ రైల్ గొట్టంలోని డీజిల్ నిండు బరువులో 1600 బార్‌కు, కొన్ని ఇంజిన్లలో అంతకు పైకి కూడా చేరుతుంది. అంటే టైరుకు రెండు వందల రెట్లు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకుండా ముందుకు పోలేను. పాత ఇంజిన్‌లో ఏ సిలిండర్ పని చేయడం లేదో కనుగొనేందుకు, ఇంజిన్ నడుస్తుండగానే ఇంజెక్టర్ పైపు నట్టును కాస్త వదులు చేసి చూడడం మన ఉస్తాదులందరికీ అలవాటు. ఆ ఇంజిన్‌లో అది మంచి పరీక్షే. కామన్ రైల్ ఇంజిన్‌లో ఆ పని చేస్తే వెంట్రుకంత సన్నని డీజిల్ ధార చర్మాన్ని ఛేదించుకొని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట అంతగా ఉండదు. లోపల కండ చెడిపోయి వేలు, చేయి పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది. అటువంటి గాయం తగిలిన షాగిర్దును అదే గంటలో ఆసుపత్రికి తీసుకొని పోవాలి. పదిహేనేళ్ళ కుర్రవాడు తన ఉస్తాద్ చేసినట్లే చేస్తాడు గనుక ఈ ఒక్క విషయమైనా ప్రతి షెడ్డు గోడ మీదా రెండు భాషలలో వ్రాయించదగినది.

ఇప్పుడొక ఉదాహరణ తీసుకొందాం. కడప నుండి ఉల్లిగడ్డ బస్తాలతో రాయచోటికి బయలుదేరిన పికప్ గువ్వలచెరువు ఘాట్ ఎక్కలేక కుంటినడకకు దిగుతుంది. డ్యాష్‌బోర్డులో పసుపు దీపం వెలుగుతుంది. స్కానర్ తగిలిస్తే పి0087 అనే అంకె వస్తుంది. దాని అర్థం: రైలులో డీజిల్ పీడనం కావలసినంత లేదు. అంతే. ఎందుకు లేదో అది చెప్పదు. "పీడనం తక్కువైంది కాబట్టి ఫైలులో పీడనం పెంచుదాం" అని ట్యూనరు అంటాడు. వినడానికి ఇది సబబుగానే తోస్తుంది. అయితే కంప్యూటర్ అడిగినది 1500, వచ్చినది 1100 అయినప్పుడు, అడిగే అంకెను 1700 చేస్తే ప్రయోజనమేమి? బావిలో నీళ్ళు లేనప్పుడు పెద్ద బిందె దించినట్లే గదా!

స్కానరులో ఆ రెండు అంకెలూ, అంటే అడిగిన పీడనమూ వచ్చిన పీడనమూ, పక్కపక్కనే కనిపిస్తాయి. బండిని బరువుతో ఎత్తు ఎక్కించి వాటిని చూడాలి; షెడ్డులో నిలబెట్టి చూస్తే లాభం లేదు, ఎందుకంటే నిలబడ్డ బండికి ఆకలి తక్కువ. తేడా కనబడితే మొదట చూడవలసినది డీజిల్ ఫిల్టరు, అందులోని నీరు. ట్యాంకు నుండి వచ్చే గొట్టంలో ఎక్కడైనా గాలి చొరబడుతున్నదేమో గాజులాంటి పారదర్శక గొట్టం ముక్క పెట్టి చూడవచ్చు. ఆ తరువాతనే ఇంజెక్టర్ల వంతు. నాలుగు ఇంజెక్టర్ల నుండి వెనక్కు వచ్చే డీజిల్‌ను నాలుగు సీసాలలోకి నిమిషం పాటు పట్టి పోల్చి చూడడానికి సెలైన్ గొట్టాలు చాలు. ఒక సీసా మిగతావాటికంటె చాలా ఎక్కువ నిండితే ఆ ఇంజెక్టర్ రైలులోని పీడనాన్ని కారబెట్టుకొంటున్నదని తేలుతుంది. పంపు మార్చాలనే ఆలోచన అన్నిటికంటె చివర రావాలి. చవకైన దానితో ప్రారంభించి ఖరీదైన దానితో ముగించే ఈ వరుస తెలియనందువల్లనే, కొన్ని వందల రూపాయల ఫిల్టరుతో పోయే రోగానికి బండి యజమాని ఫైనాన్సు కంతును కూడా ధారపోస్తున్నాడు.

గాలి విషయం మన ప్రాంతానికి మరీ ముఖ్యమైనది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు దారులలో తిరిగే బండి రాతిపొడిని పీల్చినంతగా కోస్తా బండి పీల్చదు. కంపెనీ పుస్తకంలో వ్రాసిన కిలోమీటర్లు పూర్తయ్యేవరకు ఎయిర్ ఫిల్టరును చూడకపోవడం ఇక్కడ పొరపాటు. లోపలికి వచ్చే గాలిని కొలిచే సెన్సార్ ఉన్న బండ్లలో మరొక చమత్కారం ఉన్నది. ఆ సెన్సార్ మీద దుమ్ము పేరుకొంటే వచ్చిన గాలికంటె తక్కువ గాలి వచ్చినట్లు చెబుతుంది. కంప్యూటర్ ఆ మాట నమ్మి డీజిల్ తగ్గిస్తుంది. బండి లాగదు, కాని పొగ రాదు. అలాగాక, టర్బో దాటిన తరువాత రబ్బరు గొట్టం పగిలిందనుకొందాం. సెన్సార్ కొలిచిన గాలి దారిలోనే తప్పించుకొంటుంది. కంప్యూటర్ మాత్రం గాలి చేరిందనే భ్రమలో డీజిల్ ఇస్తుంది. బండి లాగదు, పైగా నల్లపొగ కక్కుతుంది. డ్రైవరు చెప్పే ఫిర్యాదు రెండింటిలోనూ "ఉస్తాద్, బండి లాగడం లేదు" అనేదే. కాని పొగ ఉన్నదా లేదా అన్న ఒక్క ప్రశ్న రెండు రోగాలను వేరు చేస్తున్నది. మన పాత ఉస్తాద్ పొగను చూసే కన్ను ఇక్కడ స్కానరుకంటె ముందు పనికి వస్తుందన్నది గమనార్హం. ఆ కన్ను వృథా అయిపోయిందని అనుకొనేవారు ఈ సంగతి ఆలోచించాలి.

మే నెలలో వచ్చే ఫిర్యాదులన్నీ రోగాలు కావు. గాలి ఉష్ణోగ్రత 27 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు పెరిగితే, అదే పీడనం వద్ద, దాని సాంద్రత దాదాపు 6 శాతం తగ్గుతుందని ఇంటర్మీడియట్ విద్యార్థి కూడా లెక్క కట్టగలడు. టర్బో, ఇంటర్‌కూలర్ దానిని కొంతవరకు సరిచేస్తాయిగాని పూర్తిగా చేయలేవు. కర్నూలు ఎండలో మధ్యాహ్నం రెండు గంటలకు నిండు బరువుతో ఎత్తు ఎక్కే బండి, డిసెంబరు తెల్లవారుజామున ఎక్కినట్లు ఎక్కదు. దానికి మందు లేదు, అవసరమూ లేదు.

విద్యుత్తు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒకేసారి నాలుగైదు సెన్సార్ల కోడ్లు వస్తే నాలుగైదు సెన్సార్లు ఒకేనాడు చెడిపోయాయని నమ్మడం తర్కవిరుద్ధం. వాటన్నిటికీ ఉమ్మడిగా పోయే 5 వోల్టుల తీగనో, ఎర్త్ తీగనో, నీరు చేరిన కప్లరునో, ఎలుక కొరికిన వైరింగునో మొదట అనుమానించాలి. స్టార్టర్ తిరిగేటప్పుడు బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ దిమ్మకూ మధ్య అర వోల్టుకు మించి కనిపిస్తే ఎర్త్ సరిగా లేదన్నమాట. కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ ఇంత చెబుతుంది. మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ప్రతి విద్యార్థీ దానిని ముట్టుకొంటాడు. మన ఊరి షెడ్లలో అది చాలాచోట్ల కనిపించదు.

కంప్యూటర్ ఎన్నడూ చెడిపోదని నేను వాదించడం లేదు. ప్రెషర్ పంపుతో ఇంజిన్ కడిగినప్పుడు నీరు చేరి చెడిపోవచ్చు. బాడీకి అదనపు కమ్మీలు వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పకపోతే కాలిపోవచ్చు. కంపెనీవారే తమ లోపం గుర్తించి కొత్త సాఫ్ట్‌వేర్ పంపే సందర్భాలు కూడా ఉన్నాయి. వీటిలో ఏదైనా రుజువైన నాడు ఫైలు ముట్టుకోవచ్చు. రుజువు కాకముందే ముట్టుకోవడం మీదనే నా ఆక్షేపణ.

ఫైలు మార్చే వ్యాపారంలో మరీ ఆందోళనకరమైనది పొగను శుద్ధి చేసే భాగాలను పీకివేయడం. స్టేజ్-6 డీజిల్ వాహనాలు అనేకంలో సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసిని అది దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చివేసుకోవాలి. మండీకీ అంగడికీ మధ్య రెండేసి కిలోమీటర్లు ఆగి ఆగి తిరిగే బండిలో ఆ వేడి పుట్టదు. దీపం వెలుగుతుంది, డ్రైవరు లెక్క చేయడు, ఫిల్టరు పూడిపోతుంది. వారానికొకసారి హైవే మీద అరగంట ఆపకుండా నడిపితే చాలాసార్లు తప్పిపోయే ఈ కష్టానికి, ఫిల్టరును తీసివేసి కంప్యూటర్ నోరు మూయించడమే పరిష్కారంగా చలామణీ అవుతున్నది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతున్నది. 2019 సవరణలో చేర్చిన 182-ఎ సెక్షన్ ప్రకారం అట్టి మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. చట్టం మాట అటుంచుదాం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుష్యులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి తరగతిలో చేర్చింది. ఆ పొగను అందరికంటె దగ్గరగా, అందరికంటె ఎక్కువ గంటలు పీల్చేది సైలెన్సర్ పక్కన కూర్చున్న షాగిర్ద్.

ఇది పేదదేశపు మెకానిక్కుల అజ్ఞానం మాత్రమేనని ఎవరైనా భావిస్తే పొరబడినట్లే. అమెరికాలో సుమారు పదేళ్ళ కాలంలో 5 లక్షల 50 వేలకు పైగా డీజిల్ పికప్ ట్రక్కులలో ఇటువంటి మార్పులు జరిగాయని ఆ దేశపు పర్యావరణ సంస్థ 2020లో అంచనా వేసింది. వోక్స్‌వ్యాగన్ కంపెనీ పరీక్షా సమయంలో ఒక రకంగా, రోడ్డు మీద మరొక రకంగా ప్రవర్తించే సాఫ్ట్‌వేర్‌ను సుమారు కోటీ పది లక్షల కార్లలో పెట్టిన సంగతి 2015 సెప్టెంబరులో బయటపడింది. ర్యామ్ పికప్ ట్రక్కుల ఇంజిన్ల విషయంలో ఇటువంటి ఆరోపణ మీదనే కమ్మిన్స్ కంపెనీ 2023 డిసెంబరులో 167.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. పెద్ద ఇంజనీర్లే సాక్షి చేత అబద్ధం చెప్పించినప్పుడు, మన డ్రైవరును మాత్రమే బోనులో నిలబెట్టడం న్యాయం కాదు.

మన మెకానిక్కుకు విద్య దూరం కావడంలో కంపెనీల పాత్ర కూడా తక్కువేమీ కాదు. విడిభాగాలను, పరీక్షా పరికరాలను, మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర మెకానిక్కులకు అందకుండా చేశాయన్న కారణంపై మన దేశపు కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. తరువాత అప్పీళ్ళు నడిచాయి. మరమ్మతు హక్కు గురించి కేంద్ర వినియోగదారుల శాఖ 2022 జూలైలో ఒక సంఘాన్ని నియమించింది. అది ఎంచుకొన్న రంగాలలో మోటారు వాహనాలూ ఒకటి. అయితే సమాచారం బయటకు వచ్చినా అది ఆంగ్లంలో వస్తుంది. ఎనిమిదవ తరగతిలో బడి మానిన ఉస్తాద్‌కు అది చదివి చెప్పేవారెవరు?

ఇక్కడ కళాశాల యాజమాన్యానికి నా విన్నపం. సాయంకాలం ఆరు దాటిన తరువాత మన భౌతికశాస్త్ర ప్రయోగశాల తాళం వేసి ఉంటుంది. షెడ్లు మూతపడేదీ దాదాపు ఆ సమయానికే. వారానికి రెండు సాయంకాలాలు, ఒక్కొక్క జట్టుకు మూడు నెలలు, ఇరవై మందికి మించకుండా తరగతి నడపవచ్చు. ఒక మంచి స్కానర్, అరడజను మల్టీమీటర్లు, ఒక పీడన మాపకం, పాడుపడిన ఒక కామన్ రైల్ ఇంజిన్ – ప్రారంభానికి ఇంతే కావాలి. వార్షికోత్సవ వేదికను అలంకరించడంలో మనం చూపే ఉదారతలో కొంత భాగం ఇటు మళ్ళిస్తే చాలునని ఎవరినీ నొప్పించకుండా మనవి చేస్తున్నాను. ఫీజు పెట్టవద్దు. హాజరుకు సర్టిఫికెట్ ఇవ్వండి. బ్యాంకు అప్పుకు పోయినప్పుడు ఆ కాగితం అక్కరకు వస్తుంది.

ఆ తరగతిలో ఉపన్యాసకుడు ఒక్కడే గురువు కాజాలడు. ఓమ్ సూత్రం మన అధ్యాపకుడు చెప్పాలి. పొగను చూసి రోగం పోల్చడం ఉస్తాద్ మన విద్యార్థులకు చెప్పాలి. బి.ఎస్‌సి. చదివి కోడు అంకె చదవగలిగీ బానెట్ తెరవలేనివాడు, బానెట్ తెరిచీ కోడు చదవలేనివాడు – ఈ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం మరే సంస్థకంటె మనకు సులభం, ఎందుకంటే చాలాసార్లు వారిద్దరూ ఒకే ఇంటివారు, అన్నదమ్ములు.

సోదర విద్యార్థులకు కూడా ఒక పని ఉన్నది. తరచుగా వచ్చే యాభై కోడ్లను ఏరి, ఒక్కొక్కదానికి అర్థం, దానికి కారణం కాగల లోపాలు చవక నుండి ఖరీదు వరకు వరుసగా, ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఉర్దూ ఉండేటట్లు చిన్న పుస్తకం తయారు చేయాలి. భాష షెడ్డులో వాడేదే కావాలి. "ఇంధన పీడన నియంత్రక కవాటం" అని వ్రాస్తే ఏ ఉస్తాదూ రెండవ పుట తిప్పడు. అచ్చు నూనె చేతులకు ఆగే మందపు కాగితం మీద వేయాలి. మొదటి ముసాయిదాను తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులు ఇద్దరిద్దరు చొప్పున షెడ్లకు తీసుకొని వెళ్ళి చదివి వినిపించి, ఉస్తాదులు తప్పు పట్టిన చోటల్లా దిద్దుకొని రావాలి. వేసవి సెలవులకు ముందు ఆ పని ప్రారంభమైతే, మామిడి, చీనీ బండ్ల రద్దీ తగ్గి షెడ్లలో కాస్త తీరిక దొరికే వర్షాకాలానికి మొదటి జట్టు తరగతికి రాగలదు.